వైజాగ్ ఇంటికి బట్టల డ్రైయర్ కొనేముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

మేం మధురవాడలో ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో ఉంటాం. ఆరేళ్లలో రెండు డ్రైయర్లు వాడాం. మొదటిది తొందరలో కొన్నది, రెండోది అన్నీ కనుక్కుని కొన్నది. అప్పట్నుంచి మా పెద్దమ్మ దగ్గర్నుంచి పై ఫ్లాట్ వాళ్ల దాకా ఎవరింట్లో డ్రైయర్ మాట వచ్చినా నాకే ఫోన్ చేస్తున్నారు. వాళ్లు అడిగినవీ నేను చెప్పినవీ అన్నీ ఒకచోట రాస్తున్నాను, ఎందుకంటే షాపులో కేజీల గురించీ ఆఫర్ల గురించీ చెప్తారు గానీ ఈ ఊరి గాలి గురించి ఎవరూ మాట్లాడరు. మనకు మాత్రం అసలు ప్రశ్న అదే: బట్టల్లోంచి వచ్చిన తడి చివరికి ఎటు పోతుంది?

మన ఊళ్లో ఎండకు కొదవేముంది, డ్రైయర్ నిజంగా కావాలా?

సొంత డాబా ఉండి, పగలు ఇంట్లో మనిషి ఉండి, చినుకు పడగానే పరుగెత్తి దండెం మీది బట్టలు తీసే ఓపిక ఉంటే అక్కర్లేదు. మార్చి నుంచి మే దాకా సముద్రపు గాలికి డాబా మీద దుప్పటి కూడా మధ్యాహ్నానికి ఆరిపోతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గాలి ఇంకాస్త పొడిగా ఉంటుంది, అప్పుడూ ఇబ్బంది లేదు. తంటా అంతా జూన్ నుంచి నవంబరు దాకానే. నైరుతి వానలు తగ్గాయని ఊపిరి పీల్చుకునేలోపే అక్టోబరులో అల్పపీడనాలు వరుస కడతాయి, ఏడాది మొత్తంలో మనకు ఎక్కువ వాన పడేది కూడా ఆ నెలలోనే. వాన లేని రోజున కూడా గాలిలో తేమ 75, 80 శాతం ఉంటుంది. గాలే తడిగా ఉంటే అది బట్టల్లోని తడిని ఎక్కడికని లాక్కుంటుంది? అందుకే ముసురు రోజుల్లో బాల్కనీలో వేసిన జీన్స్ ప్యాంటు రెండో రోజుకి కూడా నడుము దగ్గర చెమ్మగానే ఉంటుంది.

వన్‌టౌన్‌లో, పోర్టు చుట్టుపక్కల ఉండేవాళ్ల బాధ వేరు. ఎండ ఉన్నా ఆరుబయట వేయడానికి లేదు, నల్లటి దుమ్ము వచ్చి తెల్ల చొక్కాల మీద కూర్చుంటుంది. అలాంటి ఇళ్లకీ, పసిపిల్లలు ఉన్న ఇళ్లకీ, మంచం పట్టిన పెద్దవాళ్లకు రోజూ దుప్పట్లు మార్చాల్సిన ఇళ్లకీ, ఆయాసం ఉన్నవాళ్లు తడిబట్టల మధ్య పడుకోవాల్సి వచ్చే చిన్న ఫ్లాట్లకీ డ్రైయర్ విలాసం కాదు. మా అత్తగారికి ఆయాసం ఉంది. హాల్లో బట్టలు ఆరేయడం మానేశాక గోడల మీద బూజు తగ్గింది, రాత్రిళ్లు ఆవిడ దగ్గూ తగ్గింది, అది నేను కళ్లారా చూశాను.

సరే, కొంటాం. ముందు ఏ మోడల్ చూడాలి?

డ్రైయర్ కాదు, ముందు మీ వాషింగ్ మెషిన్ చూడండి. చాలామంది దాటేసే విషయం ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

మెషిన్ ఆఖర్లో గిర్రున తిప్పి నీళ్లు పిండుతుంది కదా, ఆ వేగాన్ని ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి ఎన్ని చుట్లు అన్న లెక్కలో రాస్తారు. 800 ఆర్‌పీఎం దగ్గర పిండిన నూలు బట్టల్లో వాటి పొడి బరువులో సుమారు 70 శాతం నీళ్లు మిగులుతాయి. అదే 1400 దగ్గర సుమారు 50 శాతమే. అంటే 4 కేజీల బట్టలు తీసుకుంటే ఒక మెషిన్‌లోంచి 2.8 లీటర్ల నీళ్లతో బయటికొస్తాయి, ఇంకో మెషిన్‌లోంచి 2 లీటర్లతో. ఈ తేడా ముప్పావు లీటరే కదా అనిపిస్తుంది. కానీ లీటరు నీళ్లను ఆవిరి చేయడానికి ఎంత మంచి మెషిన్‌లో అయినా సుమారు 0.63 యూనిట్ల వేడి కావాలి, ఇది నీటి స్వభావం, ఏ కంపెనీ మార్చలేదు. అదే నీటిని గిర్రున తిప్పి బయటికి కొట్టడానికి అయ్యే కరెంటు దాంతో పోలిస్తే లెక్కలోకి రాదు. పిండడం చవక, ఆవిరి చేయడం ఖరీదు.

కాబట్టి మీది టాప్ లోడ్ మెషిన్ అయితే వాష్ అయ్యాక ఇంకోసారి స్పిన్ ఒక్కటే వేసి చూడండి. ఫ్రంట్ లోడ్ అయితే సెట్టింగ్ 800 మీదో 1000 మీదో ఉండిపోయిందేమో చూసి, నూలు బట్టలకు పెంచండి. ఇంట్లో పాత సెమీ ఆటోమేటిక్ ఉంటే దాన్ని పారేయకండి, దాని స్పిన్ టబ్ చాలా మోడళ్లలో 1300 పైనే తిరుగుతుంది, చాలా బాగా పిండుతుంది. గోపాలపట్నంలో ఉండే మా పిన్ని ఈ ఒక్క మార్పుతో డ్రైయర్ కొనే ఆలోచనే మానుకుంది. ఫ్యాన్ కింద రాత్రి వేస్తే పొద్దున్నకి ఆరిపోతున్నాయట.

వెంటెడ్, కండెన్సర్, హీట్ పంప్ అంటున్నారు, ఏమిటి తేడా?

తేడా అంతా తడి ఎటు పోతుందన్నదే.

వెంటెడ్ డ్రైయర్ గదిలో గాలిని తీసుకుని, హీటరుతో వేడి చేసి, బట్టల మధ్య నుంచి పంపించి, ఆ తడిగాలిని వెనకున్న గొట్టం ద్వారా బయటికి ఊదేస్తుంది. సులువైన యంత్రం, మిగతా రెండు రకాల కంటే చవక, బాగుచేయడమూ తేలిక. మన గాలి తేమగా ఉన్నా ఇది పనిచేస్తుంది, ఎందుకంటే అదే గాలిని బాగా వేడి చేస్తే ఇంకా చాలా తడిని మోయగలుగుతుంది, కాకపోతే పొడి ఊళ్లలో కంటే కొంచెం ఎక్కువ సేపు పడుతుంది.

కండెన్సర్‌లో గాలి లోపలే తిరుగుతుంది. తడిగాలి చల్లబడినచోట నీళ్లు గడ్డకట్టవు గానీ బొట్లు బొట్లుగా చేరి ఒక తొట్టిలో పడతాయి, మనం పారబోయాలి, లేదా సన్నపైపుతో డ్రెయిన్‌లోకి వదలాలి. గొట్టం అక్కర్లేదు గానీ గదిని వేడెక్కిస్తుంది. కరెంటు వెంటెడ్ అంత, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ.

హీట్ పంప్ కూడా లోపలి గాలితోనే నడుస్తుంది, కానీ హీటరు బదులు ఏసీలో ఉన్నట్టు కంప్రెసర్ ఉంటుంది. ఒక వైపు చల్లబరిచి నీళ్లు తీస్తుంది, ఆ వేడినే మళ్లీ గాలికి ఎక్కిస్తుంది. అందుకే కరెంటు సుమారు సగంతో సరిపోతుంది. బట్టలకు తగిలే వేడీ తక్కువ, రంగులూ ఎలాస్టిక్కులూ ఎక్కువ కాలం ఉంటాయి. ఖరీదు మాత్రం వెంటెడ్‌కు రెట్టింపు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. టైము కూడా ఎక్కువ తీసుకుంటుంది, రెండు, రెండున్నర గంటలు మామూలే.

వెంటెడ్ డ్రైయర్‌కి గొట్టం పెట్టకపోతే ఏమవుతుంది? షాపులో పర్వాలేదన్నారు.

పర్వా ఉంది. మా మొదటి డ్రైయర్‌కి ఇదే జరిగింది. బిగించడానికి వచ్చినతను యుటిలిటీ ఏరియాలో గోడకు ఆనించి పెట్టేసి, గొట్టం అక్కర్లేదు మేడమ్, కిటికీ తెరిస్తే చాలన్నాడు. నమ్మాం. వానాకాలంలో కిటికీ తెరిస్తే జల్లు కొడుతుంది, అందుకని మూసే ఉంచాం. రోజూ రెండు, మూడు లీటర్ల నీళ్లు ఆవిరిగా ఆ చిన్న గదిలోకి వచ్చి గోడలకు పట్టాయి. రెండు నెలలకు పైకప్పు మూలల్లో నల్లటి బూజు, పక్కనే ఉన్న పప్పుల డబ్బాల మూతలకింద తడి, బియ్యంలో ముక్కిన వాసన. పైగా డ్రైయర్ తను వదిలిన తడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది కాబట్టి గంటలో అయ్యేది రెండు గంటలు పట్టేది. నెలల తరబడి అది మెషిన్ లోపమనుకున్నాం.

గొట్టం నాలుగు అంగుళాల వెడల్పు ఉంటుంది. దాన్ని గోడకు కన్నం పెట్టి గానీ కిటికీ అద్దం ఒకటి తీసి రేకు బిగించి గానీ బయటికి తీయాలి. వీలైనంత పొట్టిగా, వంపులు లేకుండా ఉండాలి, పొడుగైతే లోపల నూగు పేరుకుంటుంది. అద్దె ఇంట్లో కన్నానికి ఓనరు ఒప్పుకోకపోతే వెంటెడ్ ఆలోచన వదిలేయండి. ఏసీ గదిలో కూడా పెట్టకండి, చల్లబరిచిన గాలినంతా బయటికి ఊదేస్తుంది.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది? హీట్ పంప్‌కి పెట్టిన డబ్బు తిరిగొస్తుందా?

ఏపీఈపీడీసీఎల్ బిల్లులో యూనిట్ ధర స్లాబును బట్టి పెరుగుతుంది. డ్రైయర్ వాడే యూనిట్లు మీ వాడకానికి పైన వచ్చి చేరతాయి కాబట్టి వాటికి పడేది మీ ఆఖరి స్లాబు రేటు. మీ బిల్లు తీసి ఆ రేటు చూసుకోండి. నేను లెక్క కోసం యూనిట్ 8 రూపాయలు అనుకుంటున్నాను.

4 కేజీల బట్టలకు వెంటెడ్ సుమారు రెండున్నర యూనిట్లు తీసుకుంటుంది, హీట్ పంప్ ఒకటి, ఒకటింబావు. అంటే ఒక విడతకు 20 రూపాయలు ఒకచోట, 10 రూపాయలు ఇంకోచోట. వానాకాలం ఆరు నెలలు, నెలకు 15 విడతలు వాడే ఇంట్లో ఏడాదికి తేడా 900 రూపాయలు. ధరలో తేడా 30 వేలు ఉంటే అది బిల్లులో ఎప్పటికీ తిరిగి రాదు, మెషిన్ ముందే పాతబడిపోతుంది. అదే ఏడాది పొడవునా రోజూ ఒక విడత వేసే ఇల్లైతే తేడా 3,600 దాకా వస్తుంది, అప్పుడు ఎనిమిది, తొమ్మిదేళ్లకు సమానమవుతుంది.

అయినా మేం రెండోసారి హీట్ పంపే కొన్నాం. బిల్లు కోసం కాదు. గోడకు కన్నం పెట్టే వీల్లేదు, గదిలో చెమ్మ ఉండకూడదు, అత్తగారి ఆయాసం గుర్తుంది. మీ ఇంట్లో గొట్టం బయటికి తీసే దారి ఉండి, వాడేది వానాకాలం మాత్రమే అయితే వెంటెడే కొనండి, మిగిలిన డబ్బు వేరే అవసరానికి ఉంచుకోండి. మామూలు కండెన్సర్‌కు ఓటు వేయడానికి నాకైతే కారణం కనబడలేదు, ఖరీదూ ఎక్కువే, కరెంటూ ఎక్కువే, మన ఉక్కపోతలో గది వేడెక్కడం అదనం.

ఉతకడం, ఆరబెట్టడం రెండూ ఒకే మెషిన్‌లో ఉండేది తీసుకుంటే చోటు కలిసొస్తుంది కదా?

చోటు కలిసొస్తుంది, నిజం. కానీ పెట్టె మీద రాసిన అంకె ఉతకడానికి మాత్రమే, ఆరబెట్టే లెక్క దానికంటే తక్కువ ఉంటుంది. 8 కేజీలు ఉతికే మెషిన్ ఒక్కసారికి 5 కేజీలే ఆరబెట్టొచ్చు. నిండా వేసి ఉతికితే సగం తీసి పక్కన పెట్టాలి. మొదలు పెట్టిన దగ్గర్నుంచి పొడి బట్ట చేతికొచ్చేసరికి ఐదారు గంటలవుతుంది, ఆ లోపు ఇంకో విడత ఉతకలేరు. పైగా వాటిలో చాలా మోడళ్లు ఆవిరిని చల్లబరచడానికి కుళాయి నీళ్లు వాడుకుంటాయి, వేసవిలో ట్యాంకరు నీళ్లు కొనుక్కునే అపార్ట్‌మెంట్లలో అది ఆలోచించాల్సిన విషయమే. ఒక్కరో ఇద్దరో ఉండే ఇంటికి బాగుంటుంది. నలుగురున్న ఇంటికి నేను చెప్పను.

చోటు సమస్య అయితే ఫ్రంట్ లోడ్ మెషిన్ మీద డ్రైయర్ ఎక్కించే స్టాండు దొరుకుతుంది, చాలావరకు రెండూ ఒకే కంపెనీవి అయి ఉండాలి. చిన్న వెంటెడ్ మోడళ్లలో గోడకు బిగించేవి కూడా ఉన్నాయి, కాకపోతే ఆ గోడ ఇటుకదై ఉండాలి.

ఎన్ని కేజీలది తీసుకోవాలి?

మీ వాషింగ్ మెషిన్ ఎంతో అంత, లేదా ఒక కేజీ ఎక్కువ. బట్టలు డ్రమ్ములో దొర్లడానికి ఖాళీ ఉంటేనే ఆరతాయి, కుక్కితే మధ్యలోవి తడిగానే ఉండి పైవి ముడతలు పడతాయి.

టైమరు ఉన్నదా, సెన్సరు ఉన్నదా?

సెన్సరు. బట్టల్లో తడి అయిపోగానే అదే ఆగుతుంది, కరెంటూ బట్టా రెండూ మిగులుతాయి. డ్రమ్ము ముందు భాగంలో రెండు సన్నటి లోహపు పట్టీలు కనిపిస్తాయి, అవే సెన్సర్లు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో వాటి మీద ఉప్పు పొర కట్టి లెక్క తప్పుతుంది, తడిగా ఉన్నప్పుడే ఆగిపోతుంది. నెలకోసారి వెనిగర్‌లో ముంచిన గుడ్డతో తుడిస్తే చాలు, మెకానిక్ అక్కర్లేదు.

మామూలు ప్లగ్గులో పెట్టొచ్చా?

వద్దు. వెంటెడ్, కండెన్సర్ రకాలు 2000 నుంచి 2500 వాట్లు లాగుతాయి, అంటే గీజరు అంత. 16 యాంపియర్ల సాకెట్టు, దానికి విడిగా వైరు, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనే పడిపోయే స్విచ్చు), మంచి ఎర్తింగు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలు పెట్టకండి, గంటసేపు అంత లోడు తీసుకునేసరికి ఆ వైరు కరిగిపోవచ్చు. గీజరు, ఏసీ, డ్రైయర్ మూడూ ఒకేసారి వేస్తే మీ మీటరుకు మంజూరైన లోడు దాటొచ్చు, బిల్లు మీద ఆ అంకె ఉంటుంది, చూసుకోండి. హీట్ పంప్ వెయ్యి వాట్ల లోపే తీసుకుంటుంది, అయినా దానికీ 16 యాంపియర్ల సాకెట్టే పెట్టించండి.

ఇన్వర్టరు మీద నడుస్తుందా, తుఫాను రోజుల్లో పనికొస్తుందా అని కూడా అడుగుతారు. ఇంటి ఇన్వర్టరు మీద నడవదు. అపార్ట్‌మెంట్ జనరేటరు కూడా సాధారణంగా ఫ్లాటుకు లైట్లకూ ఫ్యాన్లకూ సరిపడా మాత్రమే ఇస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. తుఫాను హెచ్చరిక రాగానే ఉన్న మాసిన బట్టలన్నీ ముందే ఉతికి ఆరబెట్టేసుకోవడం, అంతకుమించి డ్రైయర్ నుంచి ఆశించకండి.

మా ఇల్లు బీచ్‌కి దగ్గర. తుప్పు పట్టదా?

పడుతుంది. లాసన్స్ బే కాలనీ, కిర్లంపూడి, ఋషికొండ వైపు ఏసీ బయటి యూనిట్లను తుప్పు ఎలా తినేస్తుందో చూస్తూనే ఉన్నాం. డ్రైయర్‌ను సముద్రం వైపు తెరిచి ఉన్న బాల్కనీలో పెట్టకండి. లోపల యుటిలిటీలో పెట్టండి, డ్రమ్ము స్టెయిన్‌లెస్ స్టీలుదే అడగండి, కాళ్ల కింద రబ్బరు దిమ్మలు వేసి నేల తడికి ఎత్తులో ఉంచండి. హీట్ పంప్ అయితే మాన్యువల్‌లో గది ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటకూడదని రాసి ఉంటుంది చాలావాటికి. పడమటి ఎండ కొట్టే అద్దాల బాల్కనీ మే నెలలో అంతకంటే ఎక్కువే వేడెక్కుతుంది, ఆ రోజుల్లో ఉదయం పూటే వేసుకోండి, లేదంటే ఎండకే ఆరేయండి.

ఏ బట్టలు వేయకూడదు?

పట్టుచీరలు, జరీ ఉన్నవేవైనా, ఉన్ని, రబ్బరు అడుగు ఉన్న కాలిపట్టాలు, స్పాంజి ఉన్న లోదుస్తులు వేయకండి. చేనేత చీరలు కూడా వద్దంటాను. ఉప్పాడ చీర, మంగళగిరి నూలు, పొందూరు ఖద్దరు, వీటికి నీడపట్టున ఆరడమే మర్యాద. ఆ నేత మళ్లీ దొరకదు, డ్రైయర్‌లో ఒక్కసారి ముడుచుకుంటే ఇస్త్రీతో రాదు. గంజి పెట్టిన పంచెలూ చీరలూ కూడా వేయకండి, గంజి డ్రమ్ముకు అంటుకుంటుంది, సెన్సరు పట్టీల మీదా పొర కడుతుంది.

ఇక నూనె సంగతి, దీన్ని దయచేసి సీరియస్‌గా తీసుకోండి. పండగ పూట నువ్వుల నూనెతో తలంటుకున్నాక వాడిన తువ్వాళ్లు, పసిపిల్లలకు నూనె మర్దనా చేసిన గుడ్డలు, వంటింటి మసిగుడ్డలు డ్రైయర్‌లో వేయకండి. ఒక్కసారి ఉతికితే నూనె పూర్తిగా పోదు. మిగిలిన నూనె వేడికి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తనంతట తనే వేడి పుట్టిస్తుంది, కుప్పగా ఉన్న బట్టల్లో ఆ వేడి బయటికి పోలేక పెరుగుతూ పెరుగుతూ మంట అంటుకోవచ్చు, మెషిన్ ఆగిపోయిన గంటల తరవాత కూడా. అందుకే ప్రోగ్రాం చివర్లో చల్లగాలి తిప్పే పది నిమిషాలు కూడా పూర్తికానివ్వాలి, మధ్యలో ఆపి వేడివేడి బట్టలు కుప్పగా వదిలేయకూడదు.

ఇంకొకటి, తలుపు దగ్గర ఉండే జాలీలో నూగు చేరుతుంది. ప్రతిసారీ, అవును ప్రతిసారీ, తీసి పారేయాలి. ఆ నూగు దూదిలా అంటుకుంటుంది. జాలీ నిండితే గాలి ఆడక మెషిన్ వేడెక్కుతుంది.

పసిపిల్లల పొత్తిగుడ్డలు వేయొచ్చా?

నూనె లేకపోతే నిక్షేపంగా వేయొచ్చు. బాగా ఆరిన గుడ్డలో ఆ చెమ్మ వాసన రాదు, పిల్లల ఒళ్లు ఒరుసుకోదు. సువాసన లిక్విడ్లు మాత్రం వాడకండి, గుడ్డ నీళ్లు పీల్చడం తగ్గిపోతుంది.

అంత డబ్బు ఇప్పుడు పెట్టలేం. వేరే దారి ఏమైనా ఉందా?

ఉంది, అది చాలా ఇళ్లకు సరిపోతుంది కూడా. ఒక చిన్న గదిని, వీలైతే వాడని పడకగదిని, ఆరబెట్టే గదిగా పెట్టుకోండి. పైకప్పుకు తాళ్లతో లాగే హ్యాంగర్ బిగించండి, బట్టకూ బట్టకూ మధ్య బెత్తెడు ఖాళీ ఉంచండి, కింద ఫ్యాన్ వేయండి. వాన లేనప్పుడు కిటికీ తెరవండి. ముసురు రోజుల్లో కిటికీ తలుపులు మూసి డీహ్యూమిడిఫయర్ పెడితే గాలిలోని తడిని లాగి తొట్టిలో నీళ్లుగా పోస్తుంది, 300 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటుంది, ఐదారు గంటల్లో బట్టలు ఆరతాయి. పట్టుచీరలకూ ఉప్పాడ చీరలకూ కూడా ఇది సురక్షితం, వానాకాలంలో బీరువాలు ఉన్న గదిలోనూ పనికొస్తుంది. మా పెద్దమ్మకు చివరికి నేను ఇదే కొనిపించాను, డ్రైయర్ కాదు.

షాపుకి వెళ్లినప్పుడు ఏం అడగాలి?

డాబా గార్డెన్స్‌లో అడిగినా ద్వారకానగర్‌లో అడిగినా ముందు సర్వీసు సంగతి అడగండి. ఈ మోడల్ బాగుచేసే మెకానిక్ వైజాగ్‌లోనే ఉన్నాడా, హైదరాబాద్ నుంచి రావాలా, స్పేర్ పార్టులు ఎన్నాళ్లకు వస్తాయి? హీట్ పంప్ అయితే కంప్రెసర్ వారంటీ విడిగా ఎన్నేళ్లో కాగితం మీద చూపించమనండి. వెళ్లేముందు యుటిలిటీ గది వెడల్పు, తలుపు వెడల్పు, లిఫ్టు తలుపు వెడల్పు టేపుతో కొలిచి రాసుకోండి, పెద్ద డ్రైయర్లు సుమారు 60 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి, పాత అపార్ట్‌మెంట్ల యుటిలిటీ తలుపు కొన్నిటిలో అంత ఉండకపోవచ్చు. వెంటెడ్ కొంటుంటే గొట్టం డబ్బాలోనే వస్తుందా, గోడకు కన్నం ఎవరు పెడతారు అన్నది డబ్బు కట్టకముందే తేల్చుకోండి. బిగించడానికి వచ్చినతను గొట్టం అక్కర్లేదంటే సంతకం పెట్టకండి, గొట్టం బిగింపించాకే అతన్ని పంపించండి.